గీజర్ కటౌట్ పదేపదే కొట్టేస్తోంది, 'డైరెక్ట్' చేయించుకోవచ్చా?

ప్రశ్న: అన్నగారూ, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. మేడ మీద నాలుగు గదులు యాత్రికులకు అద్దెకిస్తాం. గదికొక 15 లీటర్ల కరెంటు గీజర్ ఉంది. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి రెండో గది గీజర్ పదేపదే ఆగిపోతోంది. నీళ్లు సలసలా కాగిపోతాయి, లోపల బుడబుడమని శబ్దం వస్తుంది, ఆ తర్వాత లైటు వెలగదు. కరెంటు పనిచేసే అబ్బాయి వచ్చి కింద మూత విప్పి ఏదో బటన్ నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. 'కటౌట్ పోయింది' అని కొత్తది వేశాడు. వారం తిరక్కముందే అదీ కొట్టేసింది. నాలుగో గదిలో ఇంకో రకం. అక్కడ నీళ్లు గోరువెచ్చగా అయ్యేలోపే ఆగిపోయేది. దాన్ని ఆ అబ్బాయి 'డైరెక్ట్' చేశాడు. ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రెండోదాన్నీ అలాగే చేసేద్దామా అంటున్నాడు. తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ లేచి స్నానాలు చేసి కొండకు బయల్దేరే వాళ్లకు వేణ్ణీళ్లు లేవని చెప్పాలంటే నోరు రావడం లేదు. చేయించమంటారా? ఇంకో మాట. మిషిగన్‌లో ఉన్న మా అబ్బాయి ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ కూడా ఐదు నిమిషాలు నడిచి ఆగిపోతోందట. అందులోనూ ఇలాంటి స్విచ్చే ఉంటుందనీ, చిన్న వైరు ముక్కతో కలిపేస్తే సరిపోతుందనీ వాడి స్నేహితుడెవరో చెప్పాడట. వాడికేం చెప్పమంటారు?
ఒక సోదరి, తిరుపతి

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రెండో గది కాదు, నాలుగో గది. 'బ్రహ్మాండంగా పనిచేస్తోంది' అన్నారు చూడండి, అదీ. మిగతాది తర్వాత చదవచ్చు, ముందు మేడెక్కి ఆ గీజర్ ప్లగ్గు సాకెట్లోంచి లాగేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే లాగాలి. ఎందుకో తర్వాత చెప్తాను. ప్లగ్గు లేకుండా వైర్లు నేరుగా బిగించి ఉంటే ఆ గది ఎంసీబీ దించి, పైన టేపు అంటించండి. ఈ రాత్రి ఆ గదికి బకెట్లో నీళ్లు మోసుకెళ్లి ఇచ్చినా పరవాలేదు.

కరెంటు అబ్బాయి వేసిన కటౌట్ సంగతికి వద్దాం. గీజర్‌లో నీళ్లను కాచే కాయిల్‌కి ఇద్దరు కాపలా ఉంటారు. మొదటిది థర్మోస్టాట్. మనం పెట్టిన వేడి రాగానే కరెంటు ఆపుతుంది, నీళ్లు చల్లారగానే తనంతట తానే మళ్లీ ఇస్తుంది. రోజంతా అదే దాని పని. రెండోది కటౌట్. దీనికి మామూలు రోజుల్లో పనే లేదు. థర్మోస్టాట్ చేతులెత్తేసి నీళ్లు మితిమీరి కాగినప్పుడు, చాలా మోడళ్లలో 90 డిగ్రీలకు అటూ ఇటూ, ఇది తెగిపోతుంది. తెగితే తనంతట తాను కలవదు. మనిషి వచ్చి మూత విప్పి బటన్ నొక్కాల్సిందే. అలా తయారు చేయడానికి కారణం ఉంది. కటౌట్ పడిందంటే లోపల ఏదో తేడా వచ్చిందని అర్థం, ఎవరో ఒకరు వచ్చి చూడాలని. కొన్ని గీజర్లలో ఈ రెండూ పొడవాటి కడ్డీ ఉన్న ఒకే ముక్కగా వస్తాయి, కొన్నింట్లో విడివిడిగా, సన్నని రాగి గొట్టంతో ఉంటాయి.

'డైరెక్ట్' అంటే ఆ రెండో కాపలాను తీసేసి దాని రెండు వైర్లనూ ఒకటిగా కలిపేయడం. థర్మోస్టాట్ బాగున్నన్నాళ్లూ తేడా ఏమీ తెలియదు. అందుకే 'బ్రహ్మాండంగా' అనిపిస్తుంది. థర్మోస్టాట్ అతుక్కుపోయిన రోజున మాత్రం ఆపేవాళ్లు ఉండరు. లెక్క చూడండి. 2 కిలోవాట్ల కాయిల్ 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. ఆగకుండా నడిస్తే ఇంకో 20 నిమిషాల్లో 100కి చేరుతుంది. అంటే మొత్తం ముప్పావు గంట కూడా కాదు. మీ దగ్గర దిగిన యాత్రికులు రాత్రి పదింటికి స్విచ్ వేసి, అలసిపోయి నిద్రపోయి, రెండింటికి లేస్తారు. ఆ నాలుగు గంటలు ఆ ట్యాంకులో ఏం జరుగుతుందో ఆలోచించండి.

గిన్నెలో నీళ్లయితే మరిగి ఆవిరై పోతాయి. గీజర్ మూసి ఉన్న పాత్ర. మేడ మీది ట్యాంకు ఒత్తిడి దాని మీద ఉంటుంది కాబట్టి లోపల నీళ్లు 100 దాటినా కాసేపు నీళ్లుగానే ఉంటాయి. కుళాయి తిప్పగానే ఒత్తిడి పడిపోతుంది, ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. కుళాయి కింద చెయ్యి పెట్టినవాళ్ల మీదికి వచ్చేది అది. సేఫ్టీ వాల్వ్ సున్నం పట్టి బిగుసుకుపోయి, నీళ్లు వెనక్కి పోయే దారి కూడా మూసుకుపోయి ఉంటే ట్యాంకే పగులుతుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సత్రంలో ఇలాగే అయింది. మా మేస్త్రీ ఒక గీజర్‌ను డైరెక్ట్ చేశాడు. పానా అందించింది నేను. 'సామాను దొరికాక వేద్దాం లే' అన్నాడు. ఎవరూ వేయలేదు. మూణ్ణెల్ల తర్వాత ఒక తెల్లవారుజామున ఆ గది బాత్రూంలో పీవీసీ పైపు వేడికి మెత్తబడి, జాయింటు ఊడి, గదంతా ఆవిరి నిండింది. అప్పుడు బాత్రూంలో ఎవరూ లేరు. గది బయట ఒక తల్లి గుండు చేయించిన చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. స్నానం చేయించడానికి తీసుకెళ్లబోతోందట. ఇప్పటికీ ఎవరైనా 'డైరెక్ట్' అంటే నాకు ఆ బిడ్డ తలే కనిపిస్తుంది. మీ గదుల్లోనూ కల్యాణకట్ట నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ ఉంటారు. జుట్టు లేని ఆ తల మీద 60 డిగ్రీల నీళ్లు పడితే కొన్ని సెకన్లు చాలు, చర్మం ఊడి వస్తుంది.

ఇక మీ రెండు గదులు. రెండింట్లోనూ కటౌటే పడుతోంది కానీ రెండూ ఒకే జబ్బు కాదు. తేడా మీరే రాశారు, మీకు తెలియకుండానే. కటౌట్ పడినప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయి? ఏ గీజర్ విషయంలోనైనా నేను మొదట అడిగే మాట ఇదే. సలసలా కాగి పడితే కటౌట్ మంచిది, థర్మోస్టాట్ వైపు చూడాలి. నీళ్లు వేడెక్కకుండానే పడితే వేడి నీళ్లలో లేదు, వేరే చోట పుడుతోంది.

రెండో గదిలో నీళ్లు కాగిన తర్వాతే పడుతోంది. కొత్తది వేసినా అదే చేసింది. అంటే పాత కటౌట్‌లో లోపం లేదు, అది తన పని తాను చేసింది. థర్మోస్టాట్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటాయి. రోజుకు పదిసార్లు ఎనిమిదిన్నర ఆంపియర్లకు పైగా కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉంటే, నిప్పురవ్వలకు ఆ కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇంట్లో వాడే గీజర్ కన్నా మీ గదుల్లో దానికి పని ఎన్నో రెట్లు. పరీక్ష తేలిక. ప్లగ్గు తీసేసి, నీళ్లు గోరువెచ్చగా చల్లారాక, థర్మోస్టాట్ రెండు కొనల మీద మల్టీమీటర్ బీప్‌లో పెట్టి నాబ్ అటూ ఇటూ తిప్పాలి. గోరువెచ్చని నీళ్లుండగా నాబ్‌ను పూర్తిగా తగ్గిస్తే బీప్ ఆగాలి, టక్కుమని వినబడాలి. ఎంత తిప్పినా బీప్ ఆగకపోతే అది అతుక్కుపోయినట్టే. ఇలా తిప్పే నాబ్ లేని మోడల్ అయితే, వేడెక్కేటప్పుడు ఎర్రలైటును చూడండి. నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగినా ఆ లైటు ఆరకపోతే అనుమానమే లేదు.

అయితే థర్మోస్టాట్ మార్చేముందు ఇంకొకటి చూడమనండి. విడిగా ఉండే రకంలో దాని రాగి గొట్టం కొసనున్న బుడ్డి కాయిల్ పక్కనున్న గొట్టంలో పూర్తిగా లోపలికి దిగి ఉండాలి. కటౌట్ మార్చేటప్పుడు పక్కదాన్ని కదిలించి సగం బయటికి లాగినవాళ్లను చూశాను. అప్పుడు థర్మోస్టాట్ ఏ లోపమూ లేకుండానే మోసపోతుంది. నీళ్లు 80 ఉంటే దానికి 50 అనిపిస్తుంది, ఆపదు. వారం తిరక్కముందే కొత్తది కూడా పడిందంటే ఇది కూడా కావచ్చు.

మూడోది అరుదు, కానీ అన్నిటికన్నా ప్రమాదం ఇదే. స్విచ్ చాలదు, ప్లగ్గే లాగాలన్నది ఇందుకే. పాత ఇళ్లలో ఒక్కోసారి ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) తారుమారై ఉంటాయి. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే, పెద్ద ఎర్తు రంధ్రం పైన ఉండగా, మన కుడిచేతి వైపు రంధ్రంలో టెస్టర్ వెలగాలి. ఎడమవైపు వెలిగితే తారుమారే. అప్పుడు స్విచ్చూ థర్మోస్టాటూ కటౌటూ అన్నీ న్యూట్రల్‌ను తెంపుతాయి. ఫేజు కాయిల్ మీదే నిలబడి ఉంటుంది. కాయిల్ పైతొడుగు ఎక్కడైనా చిట్లితే కరెంటు నీళ్లలోంచి, ట్యాంకులోంచి ఎర్తుకు పారుతుంది, థర్మోస్టాట్ ఆపినా నీళ్లు వేడెక్కుతూనే ఉంటాయి. ఎర్తు కూడా సరిగా లేకపోతే కుళాయి ముట్టుకున్నవాళ్లకు షాక్. కటౌట్ పడ్డాక కూడా నీళ్లు ఇంకా వేడెక్కుతున్నాయని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, తడి చేత్తో ఏ కుళాయీ ముట్టుకోకుండా కింద మెయిన్ దించేయండి. మీ మేడకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ నెల అద్దెల్లోంచి మొదటి ఖర్చు అదే కావాలి. ఇలాంటి లీకేజీని క్షణంలో పసిగట్టి కరెంటు ఆపేస్తుంది.

కాయిల్‌ను కూడా అప్పుడే కొలవమనండి. 2 కిలోవాట్ల కాయిల్ రెండు కొనల మధ్య 26 ఓమ్‌ల దగ్గర చూపాలి. ఒక్కో కొనకూ, ట్యాంకు బాడీకీ మధ్య మాత్రం ఏమీ చూపకూడదు. మామూలు మల్టీమీటర్‌కు చిన్న లీకేజీ దొరకదు, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటే దాంతో చూడడం మేలు.

నాలుగో గది సంగతి వేరు. నీళ్లు గోరువెచ్చగా కాకముందే పడేది అన్నారు. నాకు తెలిసినంతలో పదింట తొమ్మిదిసార్లు ఇలాంటి చోట మూత విప్పగానే కాలిన వాసన వస్తుంది. కటౌట్‌కు తగిలించిన వైరు లగ్గు, అంటే వైరు కొసనుండే లోహపు తొడుగు, వదులై ఉంటుంది. వదులైన చోట కరెంటు పారితే అక్కడే వేడి పుడుతుంది, లగ్గు నల్లబడుతుంది, పక్కన ప్లాస్టిక్ కరుగుతుంది. కటౌట్ దాన్ని నీళ్ల వేడి అనుకుని తెగిపోతుంది. అంటే ఆ కటౌట్ నిజానికి మీ గదిలో అగ్గి అంటుకోకుండా ఆపుతూ వచ్చింది. ఇప్పుడు దాన్ని తీసేసి వైర్లను మెలిపెట్టి కలిపారు. అదే వేడి ఇప్పుడు ఆ మెలిక దగ్గర పుట్టదని చెప్పలేం. అందుకే ప్లగ్గు లాగమన్నాను.

నీళ్లు వేడెక్కకుండా పడడానికి ఇంకో కారణం మన ఊరి నీళ్లు. కళ్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగు గంగ నీళ్లు కుళాయిల్లో వచ్చిన రోజు ఒకరకం, బోరు నీళ్లతో, ట్యాంకర్ నీళ్లతో నెట్టుకొచ్చే రోజులు ఇంకోరకం. బోరు ఉప్పు నీళ్లు కాగినప్పుడల్లా కాయిల్ మీద తెల్లటి సున్నపు పొర వేస్తాయి. పొర మందమైతే కాయిల్ వేడి నీళ్లలోకి పోదు. కాయిల్, దాని పక్కనున్న గొట్టం కాలిపోతుంటాయి, నీళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి. మీరు రాసిన బుడబుడ శబ్దం కూడా ఎక్కువగా ఈ పొర కిందికి చేరిన నీళ్లు మరిగే శబ్దమే. కాబట్టి రెండో గదిలోనూ సున్నం ఉండే ఉంటుంది. మీ నాలుగు గీజర్లలో ఒక్కదాని కాయిల్ బయటికి తీయించి చూస్తే మిగతా మూడింటి పరిస్థితీ తెలిసిపోతుంది.

సున్నం తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో కొట్టి గీకనివ్వకండి, పైతొడుగు చిట్లుతుంది. నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెడితే పొలుసులు పొలుసులుగా ఊడొస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ వద్దే వద్దు. ట్యాంకు లోపలి పూతనూ కాయిల్ లోహాన్నీ తినేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయాలి, పాతదే వేస్తే రెండో రోజు నుంచి కింద నీళ్ల చుక్కలు మొదలై వైర్ల మీద పడతాయి. మెగ్నీషియం రాడ్ కూడా అప్పుడే చూడాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తనే కరిగిపోయే కడ్డీ అది. లోపలి ఇనుప తీగ కనిపిస్తుంటే దాని పని అయిపోయినట్టు.

ఇక్కడే నీళ్లు లేకుండా నడిచిన గీజర్ సంగతి కూడా చెప్పాలి. సంపులో మోటారు పాడై మేడ మీది ట్యాంకు ఖాళీ అయిన రోజున గీజర్ వేస్తే కాయిల్ ఉట్టినే కాలి కటౌట్ పడుతుంది. గీజర్ ఆగడం మొదలైన రోజుల్లో అలాంటిదేమైనా జరిగిందేమో గుర్తు చేసుకోండి. ఉంటే కాయిల్‌ను తప్పకుండా కొలిపించాలి.

ఇక మార్చే పని. ఇది మీరు చేయమని కాదు, చేసే అబ్బాయి పక్కన నిలబడి చూడడానికి చెప్తున్నాను. వాడిని తిట్టకండి. వాడికి డైరెక్ట్ చేయడం నేర్పినవాళ్లు ఉన్నారు, ఎందుకు వద్దో చెప్పినవాళ్లు లేరు. ముందు ప్లగ్గు తీయాలి, మూత విప్పాక టెస్టర్ పెట్టి చూడాలి. వైర్లు ఊడదీసేముందు ఫోన్లో ఫొటో తీయాలి, ఏది ఎక్కడిదో తర్వాత ఎవరికీ గుర్తుండదు. పాత కటౌట్ మీద, థర్మోస్టాట్ మీద డిగ్రీలూ ఆంపియర్లూ ముద్రించి ఉంటాయి. కొత్తవి అవే ఉండాలి. కడ్డీ రకమైతే కడ్డీ పొడవు కూడా అంతే ఉండాలి. పొట్టిదైతే కొస దాకా చేరక వేడిని ఆలస్యంగా పసిగడుతుంది. 'ఇది త్వరగా పడుతోంది, కొంచెం ఎక్కువ డిగ్రీలది వేస్తా' అంటే ఒప్పుకోకండి. అదీ ఒకరకం డైరెక్టే. కొనేటప్పుడు గీజర్ కంపెనీ, మోడల్ నంబరు చెప్పి దాని సామానే అడగండి. కొన్ని వందల రూపాయల వస్తువు. రెండో గదిలో థర్మోస్టాట్ పోయిందని తేలితే, దాంతో పాటు కటౌట్‌ను కూడా మార్చేయమంటాను నేను. మరీ ఎక్కువసార్లు పడిన కటౌట్ తర్వాత తక్కువ వేడికే పడడం మొదలుపెడుతుంది.

రాగి గొట్టం ఉన్న రకమైతే దాన్ని మెలిపెట్టకూడదు, చుట్టచుట్టి ఏ కరెంటు కొనకూ తగలకుండా సర్దాలి. నల్లబడిన లగ్గు వైరును అంత మేరకు కోసేసి, కొత్త లగ్గు క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కి వేయాలి. చేత్తో మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుడితే వద్దనండి. వేడి చోట ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. నాలుగో గదిలో వైరు పైతొడుగు పెళుసైపోయి ఉంటే వేడి తట్టుకునే వైరే వేయాలి. ప్లగ్గు, సాకెట్ కూడా 16 ఆంపియర్లవే ఉండాలి, వాటి కాళ్లు నల్లబడ్డాయేమో చూడాలి.

బిగించాక కరెంటు ఇచ్చేముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి చప్పుడు పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగాలి. ట్యాంకు నిండిందని అదే గుర్తు. మొదటిసారి వేడెక్కేటప్పుడు మనిషి దగ్గరుండాలి. 20 నిమిషాల ప్రాంతంలో ఎర్రలైటు ఆరాలి, బకెట్ నీళ్లు పట్టాక మళ్లీ వెలగాలి. వంటల్లో వాడే థర్మామీటరు ఉంటే వచ్చే నీళ్లలో పెట్టి చూడండి. యాత్రికుల గదుల్లో థర్మోస్టాట్‌ను 55, 60కి మించి పెట్టొద్దు. ఆ మాత్రానికే చన్నీళ్లు కలుపుకుంటే సుమారు రెండు బకెట్లకు సరిపోయే వేడి ఉంటుంది. ఇంకోటి, నాలుగు గీజర్లూ మరమ్మతయ్యాక కూడా బాత్రూం తలుపు లోపల ఒక చీటీ అంటించండి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్ణీళ్లు పట్టుకోవాలని. తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో రాయించండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏ ఊరి నుంచి వచ్చినా చదవగలగాలి.

ఇక ముందు ఎప్పుడు కటౌట్ పడినా రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కించండి, ఎప్పుడు పడిందో, నీళ్లు కాగాయో లేదో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రెండోసారి పడితే నొక్కనివ్వకండి. ఆ గదికి తాళం వేయాల్సి వచ్చినా సరే.

మీ అబ్బాయి సంగతి. ఫర్నేస్ నీళ్లను కాదు, గాలిని వేడి చేస్తుంది. గ్యాస్ మంట ఒక ఇనుప పెట్టె లోపల మండుతుంది, దాని మీదుగా ఇంటి గాలిని ఫ్యాన్ తోసి గదులన్నింటికీ పంపుతుంది. మంట పొగ ఆ పెట్టెలోంచి బయటికి పోతుంది, ఇంటి గాలిలో కలవదు. ఆ పెట్టె దగ్గర హై లిమిట్ స్విచ్ ఉంటుంది. గాలి సరిగా కదలక పెట్టె మితిమీరి వేడెక్కితే గ్యాస్ ఆపేస్తుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చల్లారాక ఆ స్విచ్ తనంతట తానే కలుస్తుంది. ఐదు నిమిషాలు నడిచి ఆగి, మళ్లీ మొదలవడం అంటే ఇదే.

ఎక్కువ ఇళ్లలో కారణం మట్టి పట్టిన ఫిల్టర్. దాన్ని తీసి వెలుతురు వైపు పట్టుకుంటే వెలుతురు కనబడాలి. కనబడకపోతే అదే సైజు కొత్తది వేయాలి, దాని మీద బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. చలికాలంలో నెలకోసారైనా చూడాలి. తర్వాత ఇంట్లో గాలి వచ్చే జాలీలు మూసేశారేమో, సోఫా కిందికి వెళ్లాయేమో చూడమనండి. మన పిల్లలు వాడని గదుల్లో జాలీలు మూసేసి ఖర్చు తగ్గిందనుకుంటారు, దానివల్ల గాలి తిరగక ఫర్నేస్ కాలుతుంది. ఫర్నేస్ తలుపు లోపల ఒక చిన్న లైటు ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కబెడితే, ఏ స్విచ్ తెగిందో ఆ తలుపు మీద అతికించిన కాగితంలో ఉంటుంది. ఫిల్టర్ మార్చినా ఆగకపోతే ఫ్యాన్ మోటారో దాని కెపాసిటరో బలహీనపడి ఉండొచ్చు, ఆ పని లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌కే వదలాలి.

స్విచ్ నిజంగానే పోయిందేమో చూడాలంటే కరెంటు ఆపి, దాని రెండు వైర్లూ తీసి, చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో చూస్తే బీప్ రావాలి. చల్లగా ఉండి కూడా రాకపోతే మార్చాల్సిందే. దాని మీద ఫారెన్‌హీట్‌లో రాసిన అంకె ఎంతో, కొత్తదాని మీదా అంతే ఉండాలి. ఇక్కడి సూత్రమే. పక్కనే మంట బయటికి వస్తే తెగే ఇంకో స్విచ్ ఉంటుంది, దానికి మన గీజర్ లాగా నొక్కే బటన్ ఉంటుంది. అది తెగి ఉంటే నొక్కొద్దని చెప్పండి. మంట తన చోటు వదిలి బయటికి వచ్చిందంటే ఆ ఇనుప పెట్టె పగిలో, పొగ దారి మూసుకుపోయో ఉండొచ్చు.

వైరు ముక్కతో కలపడం అక్కడ మన డైరెక్ట్ కన్నా చాలా ఘోరం. పెట్టె పదేపదే ఎర్రగా కాలితే పగుళ్లు వస్తాయి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పడగ్గదుల్లోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికి కిటికీలన్నీ బిగించి పడుకునే ఇళ్లవి. పడగ్గది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, దాని బ్యాటరీ పనిచేస్తోందా అని ఈ రోజే ఫోన్ చేసి అడగండి. ఆ స్నేహితుడు వచ్చి ఇప్పటికే వైరు కలిపి ఉంటే ఫర్నేస్ ఆపేసి, టెక్నీషియన్ వచ్చేదాకా అందరూ ఒక గదిలో కరెంటు హీటర్ పెట్టుకుని పడుకోమనండి. వంట గ్యాస్ పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం మాత్రం వద్దు.

రేపు కరెంటు అబ్బాయి వచ్చినప్పుడు పాత కటౌట్‌నూ, రెండో గదిలో తీసిన థర్మోస్టాట్‌నూ పారేయనివ్వకండి. వాటి మీది అంకెలు కనబడేలా, గీజర్ మోడల్ నంబరు కనబడేలా ఫొటోలు తీసి పంపండి. నాలుగో గదిలో మూత విప్పగానే లగ్గులు ఏ రంగులో ఉన్నాయో అదీ తీయించండి. చూసి, ఏది కొనాలో రాస్తాను.